గోడ అద్దంలా ఉండాలన్నాను

మా హాల్లో సోఫా వెనక గోడకి ఓ పెద్ద పటం ఉంది. కొబ్బరిచెట్లు, కాలవ, కాలవలో పడవ. ఇంటికొచ్చినవాళ్ళు ‘కోనసీమ కదూ, ఎంత బావుందో’ అంటారు. బావుంటుందని కొన్నది కాదది. నాలుగడుగుల వెడల్పు ఉంటే చాలు, ఏ బొమ్మయినా ఫర్వాలేదని షాపతన్ని అడిగి మరీ తెచ్చుకున్నాను. ఎందుకంటే దాని వెనక గోడ మీద సుమారు నాలుగడుగుల మేర సాలెగూడు లాంటి పగుళ్ళున్నాయి. ఆ పగుళ్ళకి కారణం మేస్త్రి కాదు, ఇసుక కాదు, సిమెంటు అంతకన్నా కాదు. నేనే.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు, కట్టుకోబోయేవాళ్ళు ఈ వారం కాస్త ఓపిగ్గా చదవండి. కట్టేసుకుని కూర్చున్నవాళ్ళు మీ గోడల వంక ఓసారి చూసుకుంటూ చదవండి.

2009లో రాజమండ్రి శివార్లలో ఇల్లు మొదలుపెట్టాం. నేను హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. బ్యాంకు లోను, మా ఆవిడ గాజులు, పీఎఫ్ అడ్వాన్సు, అన్నీ కలిపితే ఇల్లు. పునాదులప్పుడూ, స్లాబు వేసేప్పుడూ నేను స్కూలుకి సెలవు పెట్టి మరీ అక్కడే నిలబడ్డాను. చుట్టాలూ, పక్కాలూ, దారినపోయేవాళ్ళూ తలో సలహా ఇచ్చారు. గోడల పూత దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఓపిక అయిపోయింది. ‘ఇంకేముంది, ప్లాస్టరింగేగా’ అన్నారు. డబ్బు కూడా సరిగ్గా అప్పుడే అయిపోవస్తుంది. ముహూర్తం మాత్రం దగ్గరికొచ్చేస్తుంది. మాకు శ్రావణమాసంలో గృహప్రవేశం పెట్టారు.

మా మేస్త్రికి అప్పటికి యాభై అయిదేళ్ళుంటాయి. మాట తక్కువ మనిషి. పూత మొదలుపెట్టే రోజున నేను ఆయన్ని పిలిచి, ‘మేస్త్రీ, హాలు గోడలు అద్దంలా ఉండాలి. చెయ్యి వేస్తే జారిపోవాలి’ అన్నాను. మా సహోద్యోగి ఒకాయన కొత్తింట్లో గోడలు అలాగే మెరుస్తుంటే చూసి వచ్చాను లెండి.

ఆయన తల గోక్కున్నాడు. ‘ఇనప పలక ఎక్కువ లాగితే గోడ ముఖం బిగుసుకుపోద్దండి మాస్టారూ. లోపల మాలు ఇంకా ఆరతానే ఉంటది. అది ముడుచుకుంటే పైన నెర్రిలిచ్చేత్తదండి. చెక్కతో రుద్ది ఒదిలేద్దాం. నునుపు సంగతి లప్పం చూసుకుంటది’ అన్నాడు.

‘మా వాళ్ళింట్లో మేస్త్రికి వచ్చింది మీకెందుకు రాదు?’ అన్నాను నేను.

అంతే. ఆయన మరో మాట మాట్లాడలేదు. ముప్ఫయ్యేళ్ళుగా తాపీ పట్టుకున్న మనిషిని అలా అడక్కూడదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు. మర్నాడు హాలు గోడ పచ్చిగా ఉండగానే పైన పొడి సిమెంటు చల్లి, ఇనప పలకతో లాగి లాగి మెరిపించి చూపించాడు. నేను ఫొటో కూడా తీసుకున్నాను. గృహప్రవేశం నాడు అందరూ గోడని తడిమి చూశారు. దసరా సెలవుల్లో ఓ సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడినప్పుడు మా ఆవిడే ముందు చూసింది. ‘ఏవండీ, గోడకి వెంట్రుకలు అంటుకున్నాయి’ అంది. వెంట్రుకలు కావవి.

ఇంతకీ ఏం జరిగిందో చెబుతాను. ముక్కు ఉన్న తాపీ మీ అందరికీ తెలుసు. ఇటుక మీద మాలు వేసేదీ, గోడకి విసిరేదీ దాంతోనే. గోడని తీర్చిదిద్దే పనిముట్లు వేరు. వాటిల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి, మా మేస్త్రి ఇనప పలక అనేది. పొడవాటి నలుచదరపు ఉక్కు రేకు, దాని వీపున పిడి. కొట్లో ట్రోవెల్ అంటే ఇస్తారు, హైదరాబాదు వైపు గుర్మాల అంటారు. రెండోది చెక్క పలక. ఆకారం ఇంచుమించు అదే, రేకు బదులు చెక్క. ఈమధ్య దాని బదులు ప్లాస్టిక్‌వీ, అడుగున స్పాంజి అతికించినవీ వస్తున్నాయి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ గోడ మీద చేసే పని పూర్తిగా ఎదురెదురు.

చెక్క గరుగ్గా ఉంటుంది కాబట్టి మాలుని కాస్త లాగుతుంది. ఎత్తుపల్లాలు సర్దుతుంది, ఇసుక రేణువుని పైకి తెస్తుంది, గోడ ముఖాన్ని తెరిచి ఉంచుతుంది. అరచెయ్యి వేస్తే సన్నటి ఉప్పుకాగితంలా తగులుతుంది. ఇనుము నున్నన. అది నొక్కుతూ పోతే ఇసుక లోపలికి వెళ్ళిపోతుంది, నీళ్ళూ సిమెంటు పాలూ పైకి వస్తాయి. మెరుపు ఆ పాలదే. అంటే గోడ పైపొర దాదాపు వట్టి సిమెంటు, కింద ఉన్నది ఆరు పాళ్ళ ఇసుక కలిసిన మాలు. సిమెంటు పాలు ఎంత ఎక్కువుంటే ఆరేటప్పుడు అంత ముడుచుకుంటుంది. పైపొర ఎక్కువ ముడుచుకుంటానంటుంది, కింది పొర నేను రానంటుంది. మధ్యలో పైపొర చిట్లిపోతుంది, ఎండిన చెరువులో ఒండ్రు చిట్లినట్టు. పైన పొడి సిమెంటు చల్లామంటే మరీ చేటు. ఆ పొడి మాలులో తడిని పీల్చుకుని ఇంకా గట్టి పొర కడుతుంది.

‘సిమెంటు ఎక్కువేస్తే గట్టిగా ఉంటుంది కదా’ అని నాలాగే చాలామంది అనుకుంటారు. లోపలి గోడలకి ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ళ ఇసుక, 12 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. వాన కొట్టే బయటి గోడలకి ఒకటికి నాలుగు, మందం 15 నుంచి 20 మిల్లీమీటర్లు. మందం ఎక్కువైతే ఒక్క దెబ్బలో కాకుండా రెండు పూతల్లో వెయ్యాలి. మేస్త్రిని ఒప్పించి లోపలి గోడకి కూడా ఒకటికి మూడు కలిపించుకున్నారంటే బస్తా డబ్బులు పోసి పగుళ్ళు కొనుక్కున్నట్టే. ఇసుక సంగతీ చూసుకోవాలి. గోదావరి ఇసుకైనా సన్న జల్లెడ పట్టాల్సిందే. రోబో శాండు వాడుతుంటే ప్లాస్టరింగ్ కోసమని వేరుగా అమ్మేదే అడగండి. స్లాబుకి వాడేది తెచ్చి పోస్తే ఏ పలకతో రుద్దినా గీతలే.

అయితే ఇనప పలక వాడనే కూడదా? అదేం కాదు. నీళ్ళ సంపు లోపలి గోడలు, ట్యాంకు, గచ్చు నేల, ఇలాంటి చోట నీరు ఇంకకుండా, పాకుడు నిలవకుండా ముఖం మూసుకోవాలి కాబట్టి ఇనుమే కావాలి. టైల్స్ అతికించే గోడకి మాత్రం చెక్క కూడా అక్కర్లేదు, గరుగ్గా వదిలెయ్యడమే మంచిది. లేకపోతే టైలు పట్టుకోదు. లప్పం పెట్టి రంగు వేసే గోడకి చెక్క పలకతోనో స్పాంజితోనో ఆపెయ్యాలి. మా మేస్త్రి చెప్పిందీ అదే. ఆ గరుకుతనమే లప్పానికి పట్టు.

ఇక్కడ ఏ పలక అన్నదాని కంటే ఎప్పుడు అన్నది పెద్ద ప్రశ్న. మాలు గోడకి కొట్టి, అల్యూమినియం బద్దతో లాగి సమం చేశాక కాసేపు ఆగాలి. ఎంతసేపు అంటే గడియారం చూసి చెప్పేది కాదు. మే నెల గాడ్పుల్లో పావుగంటలో బిగుసుకుంటుంది, ముసురులో గంట దాటినా పచ్చిగానే ఉంటుంది. బొటనవేలితో నొక్కితే గుర్తు పడాలి, వేలికి మాత్రం మాలు అంటుకోకూడదు. చెక్క పలక పట్టుకోవలసింది అప్పుడు. ఇనుము వాడాల్సిన చోటయితే ఇంకా కాసేపు ఆగి, పైన తడి మెరుపు తగ్గాక. తొందరపడితే పాలు పైకి వస్తాయి. ఆలస్యమైతే బిగుసుకున్న మాలుని కెలికినట్టవుతుంది. అప్పుడు బ్రష్‌తో నీళ్ళు చల్లి రుద్దుతారు చూడండి, అదీ తప్పే. అలా రుద్దిన గోడ తర్వాత సుద్దలా రాలుతుంది.

ఆగడం అన్నాను. ఆగితే మేస్త్రికి ఏం మిగులుతుంది? మన దగ్గర పూత పని ఎక్కువగా చదరపు అడుగుకింత అని గుత్తకే ఇస్తాం. గోడ ముందు పావుగంట బీడీ కాల్చుకుంటూ కూర్చుంటే మనం ‘ఏంటయ్యా కూర్చున్నావ్’ అని కేకేస్తాం. అతనికీ ఆ పూట లెక్క తగ్గుతుంది. తడి త్వరగా పోవడానికి పొడి సిమెంటు చల్లడం అక్కడ పుట్టిన అలవాటే. మా హాలు గోడ విషయంలో ముహూర్తం తొందర నాది, మెరుపు పిచ్చి నాది. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది, పూత పని ఒక్కటైనా రోజుకూలి మీద చేయించుకోమని. అలా కుదరకపోతే, ఒక గోడ ఆరేలోపు ఇంకో గోడకి మాలు కొట్టుకునేలా రెండు గదులు ఒకేసారి ఖాళీ చేసి ఇవ్వండి. మనిషి ఊరికే కూర్చోనక్కర్లేదు, గోడకీ సమయం దొరుకుతుంది.

అసలీ మెరుపు పిచ్చి మనకెక్కడిదా అని ఆలోచిస్తే నాకు మా అమ్మమ్మగారిల్లు గుర్తొచ్చింది. ఆ గోడలకి వీపు ఆనిస్తే చల్లగా, నున్నగా ఉండేవి. అది గానుగ సున్నం. ఎద్దుల్ని కట్టి గానుగలో సున్నం, ఇసుక మెత్తగా నూరేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసేవారు. 1591 నాటి చార్మినార్ మీద ఆ లతలూ పువ్వులూ నిలిచింది సున్నపు పనిలోనే. సున్నం గాల్లోంచి బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ చాలా నిదానంగా గట్టిపడుతుంది. అందుకని దాన్ని తాపీతో, ఆపైన నున్నటి రాళ్ళతో గంటల తరబడి రుద్దే వీలుండేది. చెట్టినాడు ఇళ్ళల్లో గోడలు అలా మెరిసినవే. సిమెంటు మనకంత వ్యవధి ఇవ్వదు. నీళ్ళు కలిపాక అరగంట దాటిందంటే అది తన దారిన తాను గట్టిపడటం మొదలుపెట్టొచ్చు. అమ్మమ్మ గోడని సిమెంటులో అడిగాను నేను.

సరే, పగుళ్ళు చూసి మేస్త్రిని పిలిపించాను. నన్నేమీ అనలేదు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి గోడంతా టకటక కొట్టుకుంటూ పోయాడు. ‘గట్టిగా పలికిన చోట భయం లేదండి, అవి పైపైవే. బొళుక్కుమన్న చోట తీసెయ్యాలండి’ అన్నాడు. ఒక మూల మూడడుగుల మేర గుల్లగా పలికింది. అక్కడ కొట్టేసి మళ్ళీ పూశాడు. కూలి తీసుకోనంటే బలవంతాన ఇచ్చాను. మిగతాదంతా గీకి, గరుకు చేసి, ప్రైమరూ లప్పమూ పెట్టించాం. అయినా నాలుగడుగులు మొండికేసింది. పటం వచ్చింది.

మీ ఇంట్లో కూడా పూత అయ్యాక, మేస్త్రి లెక్క తేల్చకముందే ఈ రెండు పరీక్షలూ చెయ్యండి. పగలు రూపాయి బిళ్ళతో గోడని పలికించండి. రాత్రి లైట్లార్పి టార్చిలైటు గోడకి ఆనించి పక్కనుంచి వెలిగించండి. ఎత్తుపల్లాలు, పలక గీతలు, అన్నీ ఎడారిలో ఇసుక తిన్నెల్లా కనపడతాయి. లప్పం పెట్టకముందు చూసినవి సరిదిద్దొచ్చు. స్తంభమూ ఇటుక గోడా కలిసే చోట నిలువునా చీలిక వస్తే మాత్రం పలకని తిట్టి లాభం లేదు. అక్కడ పూతకి ముందు సన్న ఇనప వల, అదే చికెన్ మెష్, కొట్టి ఉండాల్సింది. ఇక నీళ్ళు కొట్టడం. కనీసం వారం రోజులు, గోడ ఎప్పుడూ ఆరిపోకుండా. ‘పొద్దున్నోసారి కొట్టాంగా’ అంటే కుదరదు.

పోయినేడాది మా అబ్బాయి మేడ మీద రెండు గదులు వేసుకున్నాడు. ఈసారి పని మేస్త్రి కొడుకు చేశాడు. తండ్రికి మోకాళ్ళు పోయి పరంజా ఎక్కలేకపోతున్నాడు. లోపలి గోడలకి జిప్సం పూత అన్నారు. నేను వెంటనే ‘నున్నగా వద్దు’ అన్నాను. కుర్రాడు నవ్వి, ‘ఇది వేరండి మాస్టారూ, దీన్ని ఇనప పలకతోనే తియ్యాలండి’ అన్నాడు. నిజమే. జిప్సం గట్టిపడేటప్పుడు సిమెంటులా ముడుచుకోదు, పైగా రవ్వంత ఉబ్బుతుంది. అందుకని మెరిపించినా చిట్లదు. నీళ్ళు కొట్టే పనీ లేదు. కాకపోతే తడి తగిలే బాత్రూములకి, బయటి గోడలకి పనికిరాదు. ఇరవై, ముప్ఫై నిమిషాల్లో గట్టిపడిపోతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోవాలి. ముందు నీళ్ళు, తర్వాత పొడి. బిగుసుకున్నదాంట్లో మళ్ళీ నీళ్ళు పోసి కలపకూడదు, పారెయ్యాల్సిందే. ఇంకో తమాషా ఏమిటంటే, పలక మీదో బకెట్లోనో పాత జిప్సం పెళ్ళ ఒక్కటి మిగిలినా కొత్తది ఇంకా త్వరగా గట్టిపడుతుందట. పాలల్లో తోడు వేసినట్టు. అందుకే ఆ కుర్రాడు ప్రతి విడతకీ పలక కడుక్కునేవాడు.

అతని పనితనం చూసి ముచ్చటేసి, పాత అప్పు తీర్చుకున్నట్టు ఉంటుందని, ఓ మంచి పలక కొనిపెడతానన్నాను. ఇద్దరం కలిసి బజారుకి వెళ్ళాం. పలక ఎలా ఎంచుకోవాలో నాకు తెలిసింది ఆ కొట్లోనే. కొట్టతను ముందుగా తళతళలాడేవి నాలుగు తీశాడు. కుర్రాడు వాటి మెరుపు చూడనే లేదు. ఒక్కోదాన్నీ అద్దం బల్ల మీద బోర్లా పెట్టి కింద వెలుతురు దూరుతోందా అని వంగి చూశాడు. రేకు ఒక మూల లేచి ఉన్నా, మధ్యలో గుంట ఉన్నా గోడ మీద అదే గీత. తర్వాత వెనక్కి తిప్పి, పిడిని రేకుకి కలిపే బద్ద ఎంత పొడవుందో చూశాడు. చౌకరకాల్లో అది పొట్టిగా ఉంటుంది. గట్టిగా నొక్కితే చివర్లు వంగిపోతాయి. మంచివాటికి రేకు పొడవునా దాదాపు కొస దాకా ఉంటుంది. రివిట్లు అడుగు వైపు తేలి ఉన్నాయేమో అని గోరు ఆడించాడు. పిడి పట్టుకుని వేళ్ళు రేకుకి తగులుతున్నాయేమో చూసుకున్నాడు. రోజంతా రుద్దేవాడికి వేలి కణుపులు ఒరుసుకుంటే సాయంత్రానికి చర్మం ఉండదు.

‘స్టీలా, ఇనుమా?’ అని అడిగాడు కొట్టతను. సిమెంటు పనికి మామూలు ఉక్కుదే చాలామందికి ఇష్టం, చేతికి బాగా వంగుతుందంటారు. అయితే తడి వదిలేస్తే తుప్పు పడుతుంది. తెల్లటి జిప్సం మీదో, వైట్ సిమెంటు లప్పం మీదో ఆ తుప్పు మరక పడిందంటే రంగులోంచి కూడా తొంగిచూస్తుంది. అందుకని తెల్ల పనికి స్టెయిన్‌లెస్ స్టీలే. పొడవు సంగతి కూడా అడిగాను. పదకొండు అంగుళాలది అన్ని పనులకీ వస్తుంది. పధ్నాలుగు, పదహారు అంగుళాలవి పెద్ద గోడల్ని సమంగా తీస్తాయి గానీ చేతి బలం కావాలి, కొత్తవాళ్ళ చేతిలో గీతలు పెడతాయి. మూలలకీ, స్విచ్చి బోర్డుల చుట్టూ పనికీ చిన్నది వేరే ఉండాలి. చివరలు గుండ్రంగా ఉన్నవి కూడా చూపించాడు. మూలలు ఉండవు కాబట్టి గీతలు పడటం తక్కువట. ఈతకొలనుల పనికి వచ్చాయి మొదట. జపాన్‌లో అయితే గోడలు పూసేవాళ్ళ దగ్గర ఒక్కో పనికి ఒక్కో ఆకారం చొప్పున పదుల సంఖ్యలో పలకలుంటాయట. మికి అనే ఊరు వాటికి పెట్టింది పేరు. మన మేస్త్రి సంచిలో నాలుగుంటే గొప్ప. ఆ నాలుగుతోనే మన ఊళ్ళన్నీ లేచాయి.

చివరికి ఎనిమిది వందలు పెట్టి ఒక స్టీలు పలక కొన్నాం. మర్నాడు వెళ్ళి చూస్తే అది సంచిలోనే ఉంది. కుర్రాడి చేతిలో పాత పలక. అంచులు అరిగి, మూలలు గుండ్రబడి, వెడల్పు అర అంగుళం తగ్గిపోయినది. నాకు కొంచెం మనసు చివుక్కుమంది. ‘కొత్తది అంచు చురుగ్గా ఉంటదండి, గోడని కోసేత్తది. ముందు మొరటు పనిలో కొన్నాళ్ళు అరగాలండి’ అన్నాడు. బయటి దేశాల్లో కూడా ఇంతేనట. కొత్త పలకని ఇసుక, నీళ్ళతో రుద్దుకుని అరిగించుకుంటారు. అందుకోసం ముందే అరగదీసిన అంచులతో కూడా అమ్ముతున్నారు. కాస్త డబ్బు ఎక్కువ. కొత్త చెప్పులు కరుస్తాయని తెలిసినవాళ్ళం, కొత్త పలక కూడా కరుస్తుందంటే ఆశ్చర్యమెందుకు?

అతను పలక పట్టే తీరు కూడా కూర్చుని చూశాను, రిటైరైన మాస్టారికి వేరే పనేముంది. మాలు పరిచేటప్పుడు పలక దాదాపు పడుకునే ఉంటుంది, వెళ్ళే వైపు అంచు కొంచెం లేచి. గట్టిపడే కొద్దీ అంచుని ఇంకాస్త ఎత్తి, ఇంకాస్త బరువు వేసి లాగుతాడు. మధ్యలో ఆగడు. ఆగిన చోటల్లా మచ్చ. చెయ్యి భుజం నుంచి కదులుతుంది, మణికట్టు నుంచి కాదు. సాయంత్రం పని కాగానే, టీ కూడా తాగకుండా పలక కడిగి, గుడ్డతో తుడిచి, గోడకి నిలబెడతాడు. పాత ఉక్కు పలకకయితే నూనె చుక్క కూడా.

అతని చేతులు చూశాక ఓ మాట చెప్పకుండా ఉండలేను. వేళ్ళ సందుల్లో పాసిపోయి, చివర్లు పగిలి ఉన్నాయి. తడి సిమెంటు, సున్నం రెండూ చర్మాన్ని తినేస్తాయి. సిమెంటులో ఉండే క్రోమియం కొందరికి జన్మంతా పోని దురద తెస్తుంది. రబ్బరు తొడుగులు వందా రెండొందలకి దొరుకుతాయి. ఇంటికి గ్రానైటు ఏ రంగుదని వారం రోజులు ఆలోచించేవాళ్ళం, ఆ తొడుగులు నాలుగు జతలు కొని పడేస్తే ఏం పోతుంది? ‘చేతికి పట్టు దొరకదండి’ అని మొదట వద్దంటారు. కొని అక్కడ పెట్టండి, మాలు ఎత్తే ఆడవాళ్ళయినా వేసుకుంటారు. కంట్లో మాలు పడితే నలపనివ్వకండి. ధారగా మంచినీళ్ళు పోస్తూ పదిహేను నిమిషాలైనా కడిగించి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

పై గదుల పూత అయిపోతుండగా కుర్రాడు నాకోసమే అన్నట్టు కొత్త పలక బయటికి తీశాడు. ‘మాస్టారు కొన్నారు, ఒక్క గోడైనా తియ్యాలండి’ అని పూజగది గోడ దానితో తీశాడు. బాగానే వచ్చింది. రెండ్రోజులకి పాత మేస్త్రి కొడుకు బండి మీద వచ్చి, కర్ర ఊతంతో మెల్లగా మెట్లెక్కి, గదులన్నీ చూశాడు. కళ్ళు సరిగా ఆనడం లేదు, అందుకని ప్రతి గోడనీ అరచేత్తో చూసుకుంటూ వచ్చాడు. ఏమీ అనలేదు. పూజగదిలో మాత్రం చెయ్యి ఒకచోట ఆగింది. వెనక్కి తీసి మళ్ళీ రాశాడు.

‘ఇక్కడ రెండు గీతలున్నాయేంట్రా?’ అన్నాడు కొడుకుతో.

‘కొత్త పలకండి నాన్నా, మాస్టారు కొనిచ్చారు’ అన్నాడు వాడు.

ఆయన నా వైపు తిరిగి, పదిహేనేళ్ళ తర్వాత మొదటిసారి హాలు గోడ ఊసెత్తాడు. ‘అయితే ఇయ్యి కూడా మాస్టారివేనన్నమాట’ అని నవ్వాడు. మా ఆవిడ కాఫీ కలపడానికి వెళ్తూ, ఇంకో పటం మాత్రం కొనొద్దని నాకు చెప్పి వెళ్ళింది.